ఇరవై వేల బేస్ గిటార్ రెండు లక్షలదానికి సాటి వస్తుందా?

చర్చి క్వయర్ కోసమో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా కోసమో ఇరవై వేలు జమ చేసుకుని బేస్ గిటార్ కొందామని బయల్దేరితే రెండు మాటలు తప్పకుండా చెవిన పడతాయి. ఒకరు "ఇంకో ముప్పై వేలు కలుపు, మంచిది వస్తది" అంటారు. ఇంకొకరు "అమెరికాలో చేసిందైతే జీవితాంతం ఉంటది, మిగతావన్నీ కట్టెలే" అంటారు. నల్లగొండ నుంచో పాలమూరు నుంచో వంద కిలోమీటర్లు బస్సులో పోయి, హైదరాబాద్‌లో ఏదో ఒక దుకాణంలో అరగంట గడిపి తేల్చుకోవాల్సిన సంగతి ఇది. కాబట్టి ఏం చూడాలో ఇంటి దగ్గరే తెలుసుకుని పోవడం మేలు.

సూటిగా చెప్పాలంటే, సౌండ్ బాక్సుల ముందు కూర్చున్నవాళ్ల చెవికి ఇరవై వేల బేస్ రెండు లక్షలదానికి సాటి వస్తుంది. వాయించేవాళ్ల చేతికి మాత్రం, అదీ ఒక మే నెల, ఒక జూలై నెల దాటాక, అన్నిసార్లూ రాదు.

## ధర దేనికి పోతుంది

1951లో అమెరికాలో, ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను తెచ్చినప్పుడు అది ఏకాండి వీణలా ఒక్క దుంగ తొలిచి నెలల తరబడి చేసే వస్తువు కాదు. ఒక బాడీ (పొట్ట భాగం), ఒక నెక్ (తీగలు పొడుగునా సాగే మెడ), రెండింటినీ బిగించే నాలుగు స్క్రూలు, అంతే. కార్ఖానాలో వరసబెట్టి చేయడానికే పుట్టిన డిజైన్ అది. 1960లో వచ్చిన జాజ్ బేస్‌దీ అదే పద్ధతి. ఇవాళ మార్కెట్లో దొరికే చౌక బేస్‌లు చాలామటుకు ఈ రెండింటి పోలికే, 34 అంగుళాల స్కేలుతో (మోగే తీగ పొడవుతో) సహా. కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్లు వచ్చాక ఇండోనేషియాలో కోసిన నెక్‌కీ కాలిఫోర్నియాలో కోసిన నెక్‌కీ కొలతల్లో పెద్ద తేడా లేకుండా పోయింది.

మరి మిగతా లక్షా ఎనభై వేలు ఎక్కడికి పోతున్నాయి? కొంత చేతిపనికి: ఫ్రెట్లను (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను) సమం చేసి, గుండ్రంగా మలిచి, కొసలు నునుపు చేసేందుకు, నెక్ పై కొసన తీగలు ఆనే నట్ గాట్లు సరైన లోతులో కోసేందుకు. కొంత చెక్కకు: బాగా ఆరిన, నారలు నిటారుగా ఉన్న ముక్కలు ఏరి, మిగతావి పక్కన పెట్టేందుకు. కొంత పికప్‌లు (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి), కీలు (తీగలు బిగించేవి), బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనేది) వంటి భాగాలకు. ఇక మిగిలినది పేరుకు.

వీటిలో చేతిపని, భాగాలు తర్వాతైనా కొనుక్కోవచ్చు. తీగలు, నట్, ఫ్రెట్ల సమం, పికప్‌లు, పాట్లు (నాబ్‌ల కింది భాగాలు), కీలు, అన్నీ మార్చుకునేవే. మార్చలేనివి నాలుగే: నెక్ చెక్క, దానిలోపలి ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే కడ్డీ), నెక్ బాడీలో కూర్చునే గూడు, మొత్తం బరువు. చౌక బేస్ ఎంచుకునేటప్పుడు చూపంతా ఈ నాలుగింటి మీదే ఉండాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు: రంగు చూస్తారు, నాబ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు, ఆంప్‌లో పెట్టి "సౌండ్ మస్తుంది" అని తెచ్చేసుకుంటారు.

నాలుగు తీగలు కలిసి నెక్‌ను 70 నుంచి 80 కిలోల బలంతో రాత్రింబవళ్లు లాగుతుంటాయి. ఆ లాగుడుకు ఎదురు నిలిచేది చెక్క, ట్రస్ రాడ్. నెక్ మెలి తిరిగితే, అంటే అన్నిటికంటే లావైన ఇ తీగ వైపు ఒకలా, సన్నదైన జి తీగ వైపు ఇంకోలా వంగితే, దాన్ని ఏ సెటప్పూ (నెక్ వంపు, తీగల ఎత్తు వంటివి సర్దే పని) బాగుచేయదు.

## ఒక్కో ధరలో ఏం దొరుకుతుంది

ధరలు దుకాణాన్నిబట్టి, పండగ ఆఫర్లనుబట్టి మారుతుంటాయి. కింద రాసినవి ఉజ్జాయింపు మెట్లు మాత్రమే.

పది వేల లోపు. ఇక్కడ ఎక్కువగా కనిపించేది పెద్దగా పేరు లేని సరుకు. బాడీ ప్లైవుడ్ అయినా అది పెద్ద తప్పు కాదు. ట్రస్ రాడ్ నట్ (రాడ్ కొసన తిప్పే మర) కార్ఖానాలోనే చివరిదాకా బిగించేసి ఉండడం, శాడిల్ (బ్రిడ్జిలో ఒక్కో తీగ కింద ఉండే దిమ్మ) స్క్రూల మరలు రెండోసారి తిప్పగానే అరిగిపోవడం, కీలు తిప్పితే కాసేపు తీగ కదలకపోవడం అసలు తంటాలు. దీనికి మంచి తీగలు, సెటప్, కొత్త కీలు వేయించే సరికి గిటార్ ధరలో సగం ఖర్చవుతుంది, అయినా నెక్ పాతదే. పది వేలే ఉంటే వాడిన యమహానో ఐబనేజో వెతుక్కోవడం నయం.

పదిహేను నుంచి ఇరవై అయిదు వేలు. "సాటి వస్తుందా" అనే ప్రశ్న అసలు ఇక్కడిది. యమహా టీఆర్‌బీఎక్స్ 174, ఐబనేజ్ జీఎస్ఆర్ 180, కోర్ట్ యాక్షన్ వరస, ధర కాస్త పైకి వెళ్తే ఫెండర్ వాళ్ల చౌక బ్రాండ్ స్క్వయర్ అఫినిటీ. యమహా, ఐబనేజ్ రెండింటిలోనూ ముందు ప్రెసిషన్ తరహా చీలిన పికప్, వెనక జాజ్ తరహా పికప్ ఉంటాయి. రెండు రకాల ధ్వనీ ఒకే గిటార్‌లో దొరుకుతుంది కాబట్టి పాటకోరకం వాయించేవాళ్లకు ఇదే సౌకర్యం. టీఆర్‌బీఎక్స్ 174కు 24 ఫ్రెట్లు, జీఎస్ఆర్ 180కి 22. చివరి రెండు ఫ్రెట్ల అవసరం ఆరాధన పాటల్లో గానీ సినిమా పాటల్లో గానీ రాదు, దానికోసం బెంగపడొద్దు.

ఈ ధరలో నెక్‌లు చాలామటుకు బాగానే ఉంటాయి. లోటంతా చేతిపనిలోనే: నట్ గాట్లు పైకి ఉంటాయి, తీగలు ఎత్తుగా ఉంటాయి, ఫ్రెట్ కొసలు గీరుకుంటాయి, పికప్‌లు తీగలకు దూరంగా ఉంటాయి. అంటే ఈ లోట్లన్నీ డబ్బుతో తీరేవే. ఇరవై వేల గిటార్‌కు సెటప్, మంచి తీగలు కలిపి మూడు నాలుగు వేలు పెడితే, అదే దుకాణంలో సెటప్ లేకుండా గోడకు వేలాడుతున్న అరవై వేలదానికంటే చేతికి హాయిగా ఉండొచ్చు.

ఒక హెచ్చరిక. ఒకే మోడల్‌లో రెండు గిటార్లు ఒకేలా ఉండవు. రెండు లక్షల ధరలో ఈ తేడా తక్కువ, ఇరవై వేల ధరలో ఎక్కువ. అందుకే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసి పెట్టుకోవాలి.

ముప్పై నుంచి అరవై వేలు. ఐబనేజ్ ఎస్ఆర్ 300ఈ, యమహా టీఆర్‌బీఎక్స్ 304, స్క్వయర్ క్లాసిక్ వైబ్, సైర్ వారి కొన్ని మోడళ్లు. మొదటి రెండింటిలో నెక్ అయిదు చెక్క ముక్కలు అతికించి చేసింది. ఒక ముక్క వంగాలనుకుంటే పక్కముక్క ఆపుతుంది కాబట్టి వాతావరణానికి అది నిలకడగా ఉంటుంది. మార్చలేని నాలుగింటిలో ముఖ్యమైనది ఈ మెట్టులోనే మెరుగవుతుంది. వరసగా ప్రోగ్రాములు చేసేవాళ్లు పైసలు ఇక్కడ పెట్టడం న్యాయం.

ఆ ఎస్ఆర్ 300ఈ, టీఆర్‌బీఎక్స్ 304 రెండూ యాక్టివ్, అంటే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే టోన్ సర్క్యూట్ ఉంటుంది. కేబుల్ జాక్‌లో పెట్టగానే బ్యాటరీ ఆన్ అవుతుంది, తీస్తేనే ఆగుతుంది. రాత్రి కేబుల్ అలాగే వదిలేసి పడుకుంటే మర్నాటి ఆరాధనలో రెండో పాటకు ధ్వని చితికిపోతుంది. సంచిలో ఎప్పుడూ ఇంకో బ్యాటరీ ఉండాలి.

ఎనభై వేల నుంచి లక్ష దాకా. మెక్సికోలో చేసే ఫెండర్ ప్లేయర్ 2 వంటివి. బాగుంటాయి. కానీ క్లాసిక్ వైబ్‌కు మంచి సెటప్ చేయించినవాళ్లకు ఇక్కడికి ఎక్కడానికి గట్టి కారణం దొరకడం కష్టం. మళ్లీ అమ్మేటప్పుడు తలమీది పేరుకు ధర పలుకుతుంది, అది ఒక లాభమే.

లక్షన్నర పైన. ఫెండర్ అమెరికన్ ప్రొఫెషనల్ 2, మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వంటివి. అమెరికన్ ప్రొఫెషనల్ బేస్‌ల నెక్ లోపల ట్రస్ రాడ్‌తోపాటు గ్రాఫైట్ కడ్డీలు కూడా ఉంటాయి. వంపు తక్కువ, కాలం మారినా సర్దుబాటు తక్కువ. ఫ్రెట్ల పని చేత్తో తడిమితేనే తెలుస్తుంది: బొటనవేలితో నెక్ అంచును పైనుంచి కిందికి రాస్తే చౌకదానిలో చీర జరీ అంచులా గరుకు తగులుతుంది, వీటిలో నది గులకరాయి అంచులా జారిపోతుంది. స్టూడియోలో ప్రతి స్వరం ఒకే గట్టితనంతో, గుయ్యిమనే శబ్దం లేకుండా పడాలంటే ఈ పని అక్కరకొస్తుంది.

అయితే రెండు లక్షలు పెట్టినా తీరని లోటు ఒకటుంది. జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఎక్కడో ఒకచోట స్వరం మీటగానే చచ్చిపోతుంది, పక్క స్వరాలు మాత్రం నిలబడతాయి. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. నెక్ తనంతట తాను కంపించే వేగం, ఆ స్వరం కంపన వేగం దగ్గరైనప్పుడు నెక్ తీగ శక్తిని పీల్చేసుకుంటుంది. స్క్రూలతో బిగించిన నెక్ ఉన్న చాలా గిటార్లలో, ఖరీదైనవాటిలోనూ, ఇది కనిపిస్తుంది. తల దగ్గర చిన్న బరువు క్లిప్ చేస్తే ఆ చోటు అటో ఇటో జరుగుతుంది తప్ప పూర్తిగా పోదు.

| చూడాల్సింది | 10 వేల లోపు | 15–25 వేలు | 30–60 వేలు | లక్షన్నర పైన |
|---|---|---|---|---|
| నెక్ నిలకడ | అదృష్టం మీద | సాధారణంగా ఫర్వాలేదు | బాగుంటుంది, అతుకు నెక్ అయితే ఇంకా | చాలా బాగుంటుంది |
| ఫ్రెట్లు, నట్ | గరుకు, ఎత్తుపల్లాలు | సెటప్ తప్పనిసరి | చిన్న సర్దుబాటు | కొన్నరోజే వాయించొచ్చు |
| కీలు, బ్రిడ్జి | వదులు | పనికొస్తాయి | గట్టివి | గట్టివి, నునుపు |
| స్పీకర్లో ధ్వని | పలచన | సెటప్ తర్వాత సాటి వస్తుంది | సాటి | స్టూడియోలోనే తేడా |
| అయిదో తీగ | వద్దు | వద్దు | చూసి తీసుకోవచ్చు | నమ్మకంగా |
| తిరిగి అమ్మితే | ఏమీ రాదు | కొంత వస్తుంది | బాగానే వస్తుంది | బాగా వస్తుంది |

చెక్క రకాన్నిబట్టి ధ్వని మారుతుందని గంటలకొద్దీ వాదించేవాళ్లుంటారు. ఆల్డర్ అయితే ఇలా, పాప్లర్ అయితే అలా అంటారు. పక్కన డప్పు, ప్యాడ్లు, కీబోర్డు మోగుతుంటే బాడీ ఏ చెట్టుదో చెవితో పట్టేవాళ్లు మాత్రం కనిపించరు. పికప్ ఎక్కడుంది, తీగలు కొత్తవా పాతవా, వేలు ఎక్కడ మీటుతోంది, వీటికే ధ్వనిలో ఎక్కువ వాటా. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ఒకే పికప్ ఉన్న 1962 ప్రెసిషన్‌తో, ఏళ్ల తరబడి మార్చని ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా ఉండే) తీగలతో చాలా రికార్డింగులు చేశాడు. 1961లో హాంబర్గ్‌లో బీటిల్స్ బృందం పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ 500/1 కొనడానికి ముఖ్యకారణం చౌక కావడమే: అది 30 పౌండ్ల దగ్గర, ఫెండర్ 100 దగ్గర.

## మూడు నాలుగు వేల సెటప్‌లో ఏం జరుగుతుంది

చౌక గిటార్‌ను పై మెట్టుకు తీసుకొచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా. చేత్తో ఓపికగా చేసుకునేవాళ్లకు సగం పని ఇంట్లోనే అయిపోతుంది. వరస మాత్రం తప్పొద్దు, ముందు దాన్ని కదిపితే వెనకది మారుతుంది.

మొదట కొత్త తీగలు. మామూలుగా వాడేవి, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, 45 నుంచి 105 మందం నికెల్ తీగలు. ట్యూన్ చేసి ఒక పూట వదిలేయాలి.

తర్వాత నెక్ వంపు. మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నింటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీలో కలిసే చోటి ఫ్రెట్ దగ్గర ఇ తీగను నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ నట్‌ను గడియారం దిశలో పావు చుట్టు బిగించాలి, మళ్లీ ట్యూన్ చేసి చూడాలి. తక్కువుంటే పావు చుట్టు వదలాలి. పావు చుట్టు కంటే ఒకేసారి ఎక్కువ తిప్పొద్దు. గట్టిగా తగిలితే అక్కడితో ఆపేయాలి, బలవంతం చేస్తే రాడ్ తెగుతుంది, ఆ తర్వాత నెక్ పనికిరాదు.

మూడోది తీగల ఎత్తు. 17వ ఫ్రెట్ మీద 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. శాడిల్ చిన్న స్క్రూలు తుప్పు పట్టి తిరగకపోతే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేసి గంట ఆగితే వస్తాయి. శాడిళ్లు పూర్తిగా కిందికి దింపినా తీగలు ఎత్తుగానే ఉంటే నెక్ కోణం తప్పుంది. నెక్ విప్పి గూడులో బ్రిడ్జి వైపు కొసన పలచటి చెక్క పొర పెడితే సరిపోతుంది. పాత ఏటీఎం కార్డు ముక్క పెట్టేవాళ్లూ ఉన్నారు, పనిచేస్తుంది.

నట్. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి మొదటి ఫ్రెట్ మీద సందు చూడాలి. వెంట్రుకవాసి మాత్రమే ఉండాలి. చౌక గిటార్లలో ఇక్కడ సందు బాగా ఉంటుంది. అందుకే మొదటి ఫ్రెట్‌లోని ఎఫ్ ఎప్పుడూ కాస్త పైకి పలుకుతుంది, నేర్చుకునేవాళ్ల వేళ్లు నొప్పెడతాయి. దీన్ని అరగదీసేందుకు ఆ మందానికి తగ్గ ఆకురాయి ఉండాలి. ఎక్కువ అరిగిపోతే కొత్త నట్ వేయాల్సిందే. ఇది తెలిసినవాళ్ల చేతికివ్వండి.

చివర ఇంటనేషన్, అంటే పై ఫ్రెట్లలో కూడా స్వరం సరిగ్గా పలికేలా చూడడం. 12వ ఫ్రెట్ మీద తీగను ఊరికే తాకి వచ్చే హార్మోనిక్‌నూ, అదే ఫ్రెట్ నొక్కి వచ్చే స్వరాన్నీ ట్యూనర్‌లో పోల్చాలి. నొక్కినది ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు. పికప్ ఎత్తు సంగతి కూడా ఇప్పుడే: చివరి ఫ్రెట్ నొక్కి చూస్తే తీగకూ పికప్‌కూ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్లు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి స్వరం వణుకుతుంది.

అన్నీ చేశాక కూడా ఒక్క ఫ్రెట్ దగ్గరే బర్రుమంటే, దాని పక్కది పైకి లేచి ఉంటుంది. ఏటీఎం కార్డు పొడవు అంచును తీగల మధ్య నుంచి మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి ఊపితే, ఊగితే మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. బేస్ నెక్ పొడుగు కాబట్టి మొదటి మూడు ఫ్రెట్లకు కార్డు చాలదు, రెండో ఫ్రెట్ నుంచి మొదలుపెట్టాలి. ఒకటి రెండు ఫ్రెట్లయితే సుత్తితో మెత్తగా తట్టి కూర్చోబెడతారు. అయిదారు చోట్ల ఊగితే మొత్తం సమం చేయించాలి, అది సెటప్‌కు మించిన ఖర్చు. కొనకముందే తేలితే ఆ గిటార్ వదిలేయండి.

## మన ఎండలు, మన కూలర్లు

ఏప్రిల్, మే నెలల్లో మనవైపు గాలిలో తడి ఉండదు. ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు దిగి ఉండే పలక) చెక్క ముడుచుకుంటుంది, ఫ్రెట్ల లోహం ముడుచుకోదు, కాబట్టి కొసలు పక్కకు పొడుచుకొచ్చి చేతికి గీరుకుంటాయి. మార్చిలో నునుపుగా ఉన్న చౌక గిటార్ మే చివరికి రంపంలా అవుతుంది. సన్నటి ఆకురాయితో కొసలు ఒకసారి సాఫు చేయిస్తే మరుసటి ఏడు ఆ బాధ ఉండదు. వానలు పడగానే నెక్ వంపు మళ్లీ మారుతుంది, ఎటు మారేదీ చెక్కనుబట్టి ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు, ఉగాది తర్వాత ఒకసారి, తొలి వానలు పడ్డాక ఒకసారి, విజిటింగ్ కార్డు పెట్టి చూసుకుంటే చాలు.

కూలర్ ఎదురుగా స్టాండ్ మీద పెట్టొద్దు. పగలంతా ఎండుగాలి, రాత్రంతా కూలర్ తడిగాలి, ఈ రెండింటి మధ్య ఊగడం నెక్‌కు ఎండకంటే చేటు. రేకుల షెడ్డు స్టోర్‌రూములో, పార్కింగ్‌లో నిలిపిన కారు డిక్కీలో కూడా వద్దు. రోజ్‌వుడ్ వంటి పూత లేని బోర్డుకు ఆరునెలలకోసారి లెమన్ ఆయిల్ నాలుగు చుక్కలు రాసి తుడిచేయాలి. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకు జిడ్డు పేరుకుని దుమ్ము పట్టుకుంటుంది.

గ్రాఫైట్ కడ్డీల గిటార్ కొన్నవాళ్లకు ఈ చాకిరీ తగ్గుతుంది, పోదు.

## గిటార్ తర్వాతి కేబుల్

చాలా చోట్ల చౌక బేస్ చప్పగా వినిపించడానికి కారణం గిటార్ కాదు, అది మిక్సర్‌లోకి వెళ్లే దారి. బ్యాటరీ లేని, అంటే పాసివ్ బేస్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే, ఆ ఇన్‌పుట్ నిరోధం 10 నుంచి 20 కిలో ఓమ్‌లు మాత్రమే కాబట్టి పికప్ మీద భారం పడి పైస్వరాలన్నీ కోసుకుపోతాయి. దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఒక యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) పెడితే ఆ దుప్పటి తొలగిపోతుంది. రెండు మూడు వేల నుంచి దొరుకుతుంది. ఇరవై వేల గిటార్, డీఐ కలిపితే, డీఐ లేని లక్ష రూపాయల పాసివ్ గిటార్ కంటే ఫంక్షన్ హాలులో మేలుగా వినిపిస్తుంది. మిక్సర్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ ఉన్న ఛానెల్ ఉంటే అది నొక్కినా చాలు.

ఇంకో సంగతి. ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్. పెళ్లి మండపంలో పెట్టే చాలా బాక్సులు, సబ్‌వూఫర్ లేకపోతే, అంత కిందికి పలకవు. జనం వినేది దాని పైస్వరం 82 హెర్ట్జ్, దాని పైవి. ఆ కిందిచోటంతా డప్పు, ప్యాడ్లు ఆక్రమించేస్తాయి. బేస్ నాబ్ ఎంత పెంచినా బురద తప్ప స్వరం రాదు. 500 నుంచి 800 హెర్ట్జ్ మధ్య కొంచెం పెంచితే ప్రతి స్వరం విడిగా వినపడుతుంది. ఖరీదైన బేస్ గొప్ప లోతు ఇలాంటి చోట ఎవరికీ అందదు.

గుయ్యిమనే హమ్ గురించి: జాజ్ తరహా పికప్‌లు రెండింటి వాల్యూమ్ సమానంగా ఉంచితే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది, ఒకటి తగ్గిస్తే హమ్ మొదలవుతుంది. ప్రెసిషన్ తరహా చీలిన పికప్‌కు ఈ బాధ లేదు. తీగలు ముట్టుకోగానే హమ్ తగ్గితే అది మామూలే. ముట్టుకోగానే పెరిగితే లోపల ఎర్త్ తీగ ఊడిందో, తప్పుగా అతికిందో చూడాలి.

ఊళ్లలో జనరేటర్ మీద ప్రోగ్రామ్ అయితే వాయించేముందు టెస్టర్‌ను తీగకూ, మైక్ జాలీకీ పెట్టి చూడండి. వెలిగితే వాయించొద్దు. ఎర్త్ లేని బోర్డులో ఒక చేయి తీగమీద, పెదవులు మైక్ మీద ఉంటే షాక్ నేరుగా గుండెమీదుగా పోతుంది. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్ మూడో పిన్ తీసేసేవాళ్లు ఆ ముప్పును చేత్తో కొనితెచ్చుకున్నట్టే. హమ్‌కు డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉంది.

## ఎవరికి ఏది

చర్చి క్వయర్‌కు, వారానికి ఒకసారి వాయించి మిగతా రోజులు బీరువాలో ఉండేదైతే, టీఆర్‌బీఎక్స్ 174 లేదా జీఎస్ఆర్ 180, సెటప్, యాక్టివ్ డీఐ. పాసివ్ అయితే మేలు, బ్యాటరీ ఎవరు మార్చాలన్న తగవు ఉండదు. నలుగురు పిల్లలు మార్చి మార్చి వాయించే గిటార్‌కు ఖరీదు పెట్టడం దండగ.

నెలకు ఏడెనిమిది ప్రోగ్రాములు చేసే ఆర్కెస్ట్రాకు ముప్పై నుంచి అరవై వేల మెట్టు, అతుకు నెక్ ఉన్నది. బరువు నాలుగు కిలోలు దాటకుండా చూసుకోండి, మూడు గంటలు భుజాన వేసుకుంటే అర కిలో తేడా తెల్లారాక తెలుస్తుంది. ఇప్పటిదాకా బేస్ పని కీబోర్డు ఎడమచేతితో నెట్టుకొచ్చిన బృందాలు ఒకేసారి లక్షకు పోవాల్సిన పని లేదు.

ఇప్పుడే నేర్చుకునేవాళ్లకు ఇరవై వేల మెట్టే. చేతులు చిన్నవైతే, పదీ పన్నెండేళ్ల పిల్లలైతే, 30 అంగుళాల షార్ట్ స్కేలు చూడండి. మెకార్ట్నీ హాఫ్నర్‌దీ ఆ కొలతే. ఒక చిన్న ప్రాక్టీస్ ఆంప్ చాలు, కానీ 10 వాట్లదాన్ని డ్రమ్స్ పక్కన పెట్టి వినపడట్లేదని గిటార్‌ను తిట్టొద్దు. డ్రమ్స్‌తో అయితే కనీసం 100 వాట్లు.

రికార్డింగే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు, రోజూ చేతిలో అదే ఉండేవాళ్లు లక్షన్నర పైకి పోవడంలో అర్థముంది.

అయిదు తీగలది కావాలనుకునేవాళ్లకు మాత్రం లెక్క వేరు. కింది బి తీగ 31 హెర్ట్జ్. చౌక అయిదు తీగల బేస్‌లో అది వదులుగా, బుస్సుమంటూ, స్వరమో శబ్దమో తెలియకుండా మోగుతుంది. నెక్ గట్టితనం, గూడు బిగువు ఇక్కడ దాపరికం లేకుండా బయటపడతాయి. ఇరవై వేలలో అయిదు తీగలది కొనేకంటే, అదే డబ్బుకు మంచి నాలుగు తీగలది కొని, అవసరమైన పాటకు ఇ తీగను డి కి దించుకోవడం మేలు.

## దుకాణంలో పది నిమిషాలు

ఆంప్‌లో పెట్టకముందు చేయాల్సినవి ఇవి. గిటార్ తల వైపు నుంచి కన్ను ఆనించి నెక్ రెండు అంచులూ చూడండి, రెండూ ఒకే వంపులో ఉండాలి. ఒకటి నిటారుగా, ఇంకొకటి వంకరగా కనిపిస్తే అక్కడే పెట్టేయండి. ఇ, జి తీగలు నెక్ అంచులకు సమాన దూరంలో ఉన్నాయా చూడండి, ఒకటి అంచు మీదికి జారుతుంటే నెక్ గూడులో వదులుగా ఉంది. బొటనవేలితో అంచు రాయండి. ప్రతి తీగమీద ప్రతి ఫ్రెట్ ఒక్కసారి మీటి వినండి, ఎనభై పైచిలుకు స్వరాలే, మూడు నిమిషాలు పడుతుంది. స్ట్రాప్ తగిలించి చేతులు వదిలేయండి: తల కిందికి వాలిపోతుంటే అది ఎప్పటికీ వాలుతూనే ఉంటుంది. ఆఖరున ఆంప్‌లో పెట్టి నాబ్‌లు తిప్పుతూ గరగర వినండి. గరగర ఒక్కటే లోటైతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో పోతుంది, ఆ సాకుతో బేరం ఆడుకోవచ్చు.

వాడినది కొనేటప్పుడు ఇవన్నీ చూసి, పైన ఇంకొకటి: ట్రస్ రాడ్ నట్‌ను పావు చుట్టు వదిలి మళ్లీ బిగించి చూడాలి, రెండు వైపులా మెత్తగా తిరగాలి. తిప్పనివ్వననే అమ్మకందారుతో బేరం పెట్టుకోకండి, గిటార్ ఎంత చౌకకు ఇస్తానన్నా సరే.